ఒళ్ళు దాచుకున్నవాళ్ళం కాదు

గుంటూరు జిల్లాలో ఒక పల్లె కమ్యూనిటీ హాల్లో సంఘం కార్యకర్తలూ ఊరివాళ్ళూ కలిసి పెట్టుకున్న సభలో ఒక టీచరు మాట్లాడిన మాటలివి. మాట్లాడిన తీరు చెడకుండా, అక్కడక్కడ సరిచేసి ఆమే రాసిచ్చారు.



రెండు పల్లెలవాళ్ళూ ఒకే చాప మీద కూర్చున్నారు. ముందు దానికే సంతోషమేసింది. జబ్బు పేరు చెప్పుకునైనా కలిసి కూర్చున్నాం.

నన్ను ఈ సభకు పిలిచినప్పుడు సంఘం పిల్లల్లోనే ఒకడు నవ్వాడు. "కోవిడ్ పోయి ఎన్నేళ్ళయింది టీచరమ్మా, ఇప్పుడేం మాట్లాడతారు?" అన్నాడు. వాడి ప్రశ్నలో న్యాయముంది. అత్యవసర పరిస్థితి అయిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5నే చెప్పింది. మాస్కులు అటకెక్కినయ్. నేను వాణ్ణి ఒకటే అడిగాను. "2021 ఎండాకాలంలో జొరమొచ్చి లేచినోళ్ళలో, అంతకుముందు చేసిన పని ఇప్పటికీ చెయ్యలేకపోతున్నోళ్ళు మీ పల్లెలో ఎంతమంది?" వాడు మనసులోనే ఇల్లిల్లూ తిరిగొచ్చాడు. వేళ్ళు మడుస్తా మడుస్తా రెండో చేతికొచ్చాడు. అప్పుడు నవ్వు ఆగింది.

నేను డాక్టర్ని కాదు. హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. మా నాయనా, మా పెద్దన్నా ఇద్దరూ మిర్చి యార్డులో హమాలీలు. అన్న మోసిన టిక్కీల మీదనే నా బీయెస్సీ, నా బీఈడీ నడిచినయ్. గొప్పకు చెప్పడం లేదు. ఇవాళ చెప్పబోయేదంతా ఆయన వీపు చుట్టూ తిరిగేదే కాబట్టి చెబుతున్నా.

2021 మే నెలలో మా ఇంట్లో ఇద్దరం పడిపోయాం, నేనూ అన్నా. నాకు ఐదు రోజుల జ్వరంతో పోయింది. అన్నకు తొమ్మిదో రోజు ఆయాసం ఎక్కింది. స్కాన్ తీసి 25కి 15 స్కోరు అన్నారు. పెద్దాసుపత్రిలో 12 రోజులు ఆక్సిజన్ మీద ఉండి బతికొచ్చాడు. నేను మూడు వారాలు ఇంట్లో పడుకున్నా నెలాఖరుకు జీతం బ్యాంకులో పడింది. అన్నకు మోసిన టిక్కీకే కూలి, మొయ్యని రోజు సున్నా. ఒక తల్లి పిల్లలం, ఒకే పురుగు కుట్టింది. లేచాక ఆయన బతుకొకటి, నా బతుకొకటి అయింది.

రెండు నెలలాగి అన్న యార్డుకు పోయాడు. టిక్కీ అంటే 40 కిలోల పైమాటే. అంతకుముందు రోజంతా ఎత్తి దించినా సాయంత్రం నవ్వుతా ఇంటికొచ్చేవాడు. ఆ రోజు మొదటి టిక్కీ వీపు మీద పడేసుకుని పది అడుగులు వేశాడంట. కళ్ళ ముందు చీకట్లు కమ్మి అక్కడే కూలబడ్డాడు. గుండె దడదడా కొట్టుకుంటుంటే పిక్కలు వణుకుతున్నయ్. ముఠా మేస్త్రీ చూసి, "ఏందిరా, ఆసుపత్రి కూడు తిని ఒళ్ళు దాచుకోటం నేర్చావా?" అన్నాడు. మూడు రోజులు చూసి ముఠాలోంచి తీసేశారు.

మేస్త్రీ అన్నది నాకు పెద్ద బాధ కాదు. ఆ మాట నేనూ అన్నాను. వదిన ఏడుస్తా ఫోన్ చేస్తే, "ఎన్నాళ్ళిట్టా మంచం మీద ఉంటాడు వదినా, లేచి తిరిగితే ఒళ్ళు అదే స్వాధీనంలోకొస్తది" అన్నాను. ఊపిరితిత్తుల పాఠం ఏటా పిల్లలకు చెప్పే టీచర్ని, నా అన్న ఊపిరి నాకర్థం కాలేదు.

ఒళ్ళు దాచుకోవడం అనే మాట ఎవరి మీద పడుతుందో చూడండి. ఆఫీసులో కుర్చీలో కూర్చునే ఆయన రెండు నెలలు సెలవు పెడితే "పాపం, విశ్రాంతి తీసుకుంటున్నారు" అంటారు. మన తాతలు పాలేరుతనం చేసినప్పుడు జ్వరమొచ్చి పడుకుంటే నటన అన్నారు. మన ఒంటిని చూసే కళ్ళు తాతల నాటి నుంచి అవే. ఇంకా ఘోరమేమంటే, ఆ కళ్ళతోనే మనవాళ్ళని మనమూ చూస్తున్నాం. అందుకే ఇవాళ ఒంట్లో ఏం జరుగుతుందో కొంచెం విడమరిచి చెబుతాను. విసుగనుకోకండి.

పని చెయ్యాలంటే ఒంట్లో మూడు సక్రమంగా నడవాలి. గాలి లోపలికి రావాలి. వచ్చిన ప్రాణవాయువును మోసుకుపోయే బండి ఉండాలి. దాన్ని మండించే పొయ్యి ఉండాలి. గాలి పని ఊపిరితిత్తులది, బండి పని రక్తానిది, పొయ్యి మన కండలో ఉంది. కోవిడ్ ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్నైనా, కొందరిలో మూడింటినీ, దెబ్బ తీసిపోతుంది.

గాలి సంగతి ముందు చెబుతా. ఊపిరితిత్తి అంటే ఉత్త సంచి కాదు. లోపల ద్రాక్ష గుత్తుల మాదిరి చిన్న చిన్న గాలి బుడగలుంటయ్. బడి పుస్తకంలో వాయుగోణులు అంటాం. రెండు వైపులా కలిపి 30 కోట్ల పైనే ఉంటయ్. వాటన్నిటినీ విప్పి పరిస్తే 70 చదరపు మీటర్ల దాకా వస్తుంది, ఈ హాలు నేలకు తక్కువ కాదు. ఆ బుడగ గోడ తల వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. అంత పలచగా ఉంది కాబట్టే గాలిలోని ఆక్సిజన్ దాన్ని దాటి రక్తంలోకి పోతుంది. కోవిడ్ నిమ్ము పట్టినప్పుడు ఆ బుడగల్లో నీరు, చీము లాంటిది నిండుతుంది, గోడలు వాస్తయ్. జబ్బు తగ్గాక చాలామందికి నెలల మీద అది శుభ్రపడుతుంది. గట్టిగా పట్టినవాళ్ళలో కొందరికి మాత్రం పుండు మానినచోట మచ్చ పడ్డట్టు గోడలు మందమైపోతయ్. గాలి బుడగ దాకా వస్తుంది గానీ గోడ దాటి రక్తంలోకి పోవడం కష్టమవుతుంది.

మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఇది. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాడు. ఊపిరికి అర లీటరు చొప్పున నిమిషానికి ఆరు నుంచి పది లీటర్ల గాలి చాలు. అదే మనిషి బస్తా ఎత్తినా, మట్టి తవ్వినా 60 లీటర్లు, ఆ పైన కూడా కావాలి. అంటే కూర్చున్నప్పుడు ఊపిరితిత్తిలో పదో వంతు పని చేసినా మనిషి బాగానే కనపడతాడు. టీ తాగుతాడు, కబుర్లు చెబుతాడు. బరువెత్తినప్పుడే బండారం బయటపడుతుంది. కుర్చీ పని చేసే మనిషి ఊపిరితిత్తిలో ఎంత పోయిందో ఆయనకే తెలియకుండా జీవితం గడిచిపోవచ్చు. మనకు మొదటి రోజే తెలిసిపోతుంది, ఎందుకంటే మన కూలి ఆ మిగతా తొమ్మిది వంతుల మీద ఉంది.

మా అన్నను ఆసుపత్రికి తిరిగి తీసుకుపోయినప్పుడు జరిగిందదే. కుర్చీలో కూర్చోబెట్టి వేలికి మిషను పెట్టారు. 97 చూపించింది. "నీకేం లేదు, మనసులో పెట్టుకోకు" అని పంపేశారు. అన్న ముఖం చూడాల్సింది. లోకమంతా దొంగన్నది చాలదన్నట్టు మిషను కూడా దొంగన్నట్టుంది. నేను ఇంటికొచ్చి, తెలిసినవాళ్ళ దగ్గర ఆ వేలి మిషను అడిగి తెచ్చాను. ఆదివారం మా బడి వరండాలో టేపు పెట్టి 30 మీటర్లు కొలిచి గీత గీశాను. ఆ చివరి నుంచి ఈ చివరికి ఆరు నిమిషాలు నీకు చేతనైనట్టు నడువన్నా అన్నాను. మొదలుపెట్టేటప్పుడు 97. నాలుగో నిమిషానికి 89కి పడింది. గోడ పట్టుకుని నిలబడిపోయాడు. రెండు నిమిషాలకు మళ్ళీ 95కి వచ్చింది. ఆ అంకెలు కాగితం మీద రాసి, టైముతో సహా, ఇంకో డాక్టరు దగ్గరకు తీసుకుపోయాను. ఆయన కాగితం చూసి ఏమీ మాట్లాడకుండా స్కానూ, ఊపిరి ఊదే పరీక్షా రాశాడు. మచ్చలు బయటపడినయ్.

ఈ ఆరు నిమిషాల నడక నేను కనిపెట్టింది కాదు. ఊపిరితిత్తుల డాక్టర్లు ఎప్పటి నుంచో చేసే పరీక్షే. ఖర్చు లేనిది. నడిచినప్పుడు మూడు నాలుగు పాయింట్లు పడిపోతే దాన్ని పట్టించుకోవాలి.

మిషను గురించి ఇంకో ముక్క. ఇది చాలామందికి చెప్పరు. ఆ వేలి మిషను వెలుతురు చర్మంలోంచి పంపి కొలుస్తుంది. చర్మం నలుపైతే అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశముంది. అమెరికాలో 2020లో లెక్క తీశారు. మిషను 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నప్పుడు, అసలు రక్తం తీసి చూస్తే 88 కంటే తక్కువ ఉన్నవాళ్ళు తెల్లవాళ్ళలో నూటికి నలుగురి లోపు, నల్లవాళ్ళలో నూటికి 12 మంది దాకా ఉన్నారు. నల్లటి ఒంటి మీద ఆ మిషను తప్పడం మూడు రెట్లు ఎక్కువ. మన ఒంటి రంగు ఎట్టాంటిదో మనకు తెలుసు. కాబట్టి మిషను మీద 94 ఉన్నా మనిషి రొప్పుతుంటే మనిషినే నమ్మండి. గోరింటాకు, గోళ్ళరంగు ఉన్న వేలికి పెట్టొద్దు. వేలు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబెట్టి అప్పుడు చూడండి.

ఇక బండి. రక్తంలో ఎర్ర కణాలు ఆక్సిజన్ మోస్తయ్. మన ఆడవాళ్ళలో రక్తం తక్కువ. 2019-21లో దేశమంతా చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అంటే కోవిడ్ రాకముందే సగం బండ్లు లేవు. దాని మీద ఊపిరితిత్తి దెబ్బ తింటే ఆ అక్క ఎట్టా వంగి నాట్లేస్తది? ఆయాసమని వచ్చిన ఏ ఆడమనిషికైనా ముందు రక్తం శాతం చూడమని అడగండి. పీహెచ్‌సీలో చూస్తారు, ఐరన్ మాత్రలూ ఇస్తారు.

పొయ్యి దగ్గరకొద్దాం. ఎక్కువ మందికి తెలియంది ఇదే. ఊపిరితిత్తి మొత్తం మానినా మనిషి లేవలేకపోవడానికి కారణం కండ. మంచం మీద పడుకున్న మనిషి కండ ఎంత తొందరగా కరుగుతుందో తెలుసా? ఐసీయూలో ఉన్న 63 మంది రోగుల తొడ కండను లండన్‌లో కొలిచి 2013లో ప్రకటించారు. కోవిడ్ పేరు కూడా లేని కాలం. పది రోజుల్లో దాదాపు 18 శాతం తగ్గిపోయింది. మా అన్న ఐసీయూలో లేడు గానీ 12 రోజులు మంచం దిగలేదు, సరిగా తినలేదు, జ్వరం ఒంటిని తింది. ఊపిరి తీసేది కూడా కండేనని మరవొద్దు. పక్కటెముకల కింద గొడుగు మాదిరి ఒక కండ ఉంటుంది, ఉదరవితానం అంటాం. అది నీరసిస్తే ఊపిరితిత్తి ఎంత మంచిదైనా గాలి నిండదు.

ఇంకొక దెబ్బ మందుల వల్ల తగిలింది. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళ ప్రాణాలు కాపాడుతుందని 2020 జూన్‌లో ఇంగ్లండులో తేలింది. నిజమే, మా అన్నను కూడా అదే కాపాడి ఉంటుంది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకు దానివల్ల లాభం లేదని కూడా ఆ పరీక్షలోనే తేలింది. ఈ రెండో ముక్క మన ఊళ్ళకు రాలేదు. జ్వరం వచ్చిన రెండో రోజే స్టెరాయిడ్ సూదులు పొడిచారు, వారాల తరబడి మాత్రలు మింగించారు. స్టెరాయిడ్ ఎక్కువ రోజులు వాడితే తొడలు, భుజాల కండలు నీరసిస్తయ్, షుగర్ పెరుగుతుంది. కొందరికి తుంటి ఎముకకు రక్తం అందక ఎముక చచ్చుబడుతుంది. ఆ రోజుల్లో స్టెరాయిడ్ వాడినవాళ్ళలో ఎవరికైనా తుంటిలోనో గజ్జల్లోనో నొప్పి ఉండి, కుంటుతూ ఉంటే, అది వాతమని తైలం రాసుకుంటూ కూర్చోవద్దు. ఎముకల డాక్టరుకు చూపించండి. ఆరెంపీలను తిట్టడానికి చెప్పడం లేదు. ఆ నెలలో తలుపు తీసింది వాళ్ళొక్కరే. పెద్ద డాక్టర్లు ఫోన్లు కూడా ఎత్తలేదు.

ఇప్పుడు ఇంకో మనిషి సంగతి. మా వీధిలో ఒక పిన్ని ఉంది, కాయ కోతలకు పోతుంది. ఆమె ఆసుపత్రి ముఖం చూడలేదు. నాలుగు రోజుల జ్వరం, అంతే. ఆక్సిజన్ ఏనాడూ తగ్గలేదు, స్కాన్‌లో ఏమీ లేదు. కానీ ఒక రోజు కోతకు పోతే మూడు రోజులు మంచం మీద ఉంటుంది. అదీ ఆ సాయంత్రం కాదు, మర్నాడో ఆ మర్నాడో పడిపోతుంది. ఒళ్ళంతా కొట్టినట్టు నొప్పులు, తల పనిచెయ్యదు, నిద్ర పట్టదు. ఈమెను నమ్మినవాళ్ళు ఇంకా తక్కువ. దయ్యం పట్టిందని కూడా అన్నారు.

ఇలాంటివాళ్ళను 25 మందిని, ఏ ఇబ్బందీ లేనివాళ్ళను 21 మందిని ఆమ్‌స్టర్‌డామ్‌లో పిలిచి సైకిలు తొక్కించారు. తొక్కకముందు ఒకసారి, తొక్కిన మర్నాడు ఒకసారి తొడలోంచి చిన్న కండ ముక్క తీసి చూశారు. 2024 జనవరిలో ఆ సంగతి బయటకొచ్చింది. జబ్బున్నవాళ్ళ కండలో శక్తి పుట్టించే మైటోకాండ్రియా సరిగా పనిచెయ్యడం లేదు. శ్రమ చేశాక కండలో దెబ్బ కూడా ఎక్కువ కనపడింది. అంటే పొయ్యిలోనే లోపం. గాలి ఎంత ఊదినా మంట సరిగా లేవదు. మా పిన్నికి ఆ సంగతి తెలుగులో చెప్పినప్పుడు ఆమె ఒకటే అడిగింది. "అయితే నాది సోమరితనం కాదా టీచరమ్మా?" అని. నాలుగేళ్ళు తనే తనను తిట్టుకుంది ఆ తల్లి.

ఊహాన్‌లో ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళిన 1,192 మందిని రెండేళ్ళు వెంటపడి చూశారు. ఆరు నెలలకు నూటికి 52 మందికి నీరసమో కండ బలహీనతో ఉంది. రెండేళ్ళకు 30కి దిగింది. తగ్గుతుంది, నిజం. తగ్గనివాళ్ళు ఉంటారు, అదీ నిజం.

ఇప్పుడు ఏం చెయ్యాలన్నది. ఇక్కడ జాగ్రత్తగా వినండి, ఎందుకంటే మా అన్నకు చెప్పింది మా పిన్నికి చెబితే ఆమె ఇంకా పడిపోతుంది.

మా అన్న లాంటివాళ్ళకు, అంటే ఊపిరితిత్తి దెబ్బ తిని కండ కరిగినవాళ్ళకు, మెల్లమెల్లగా పెంచే కసరత్తు మంచిది. ఊపిరి అందనప్పుడు ముక్కుతో తీసుకుని, పెదాలు సన్నగా చేసి, పొయ్యి దగ్గర ఊదుగొట్టంతో ఊదినట్టు మెల్లగా వదలాలి. తీసుకున్న దానికంటే వదలడం రెండింతలు సేపు. ఆయాసం ఎక్కువైతే కుర్చీలో ముందుకు వంగి మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చోవాలి, ఊపిరి తీసే కండకు పని తేలికవుతుంది. కాళ్ళకైతే బల్ల మీద నుంచి లేచి నిలబడడం, మళ్ళీ కూర్చోవడం. నులక మంచం పనికిరాదు, కుంగుతుంది. మా అన్న మొదటి వారం ఐదుసార్లు లేవలేకపోయాడు. నడక రోజూ, మాట్లాడుతూ నడవగలిగినంత వేగం. మాట తెగుతుంటే ఆగాలి. నడిస్తే 90 కంటే కిందకు పడేవాళ్ళు డాక్టరును అడక్కుండా మొదలుపెట్టొద్దు. మా అన్నకూ డాక్టరు చెప్పాకే మొదలుపెట్టాం. ఆయన మళ్ళీ బరువు ఎత్తడానికి 14 నెలలు పట్టింది. అప్పుడు కూడా పాత బరువు కాదు. ఇప్పుడు కాటా దగ్గర పనిచేస్తున్నాడు, కూలి తక్కువ. పూర్తిగా బాగయ్యాడని నేను చెప్పను.

మా పిన్ని లాంటివాళ్ళకు లెక్క వేరు. చేసిన మర్నాడో మూడో నాడో పడిపోయేవాళ్ళను "కష్టపడు, అదే వస్తది" అని తోలకూడదు. పెంచుకుంటూ పోయే కసరత్తు వీళ్ళకు పడదు. చేతనయ్యే దానిలో సగం చేసి, అలసట రాకముందే ఆగి, కూర్చుని చెయ్యగలిగింది కూర్చునే చెయ్యాలి. రెండు చాళ్ళు కోసి నీడకు పోయి, మళ్ళీ రెండు చాళ్ళు. శక్తిని రేషన్ బియ్యం లాగా నెలాఖరు దాకా సర్దుకోవాలి. అట్టా సర్దుకుంటే మా పిన్ని ఇప్పుడు వారానికి మూడు రోజులు పోతోంది. భూమి ఆసామి ఒప్పుకోడు, నాకు తెలుసు. దాని సంగతి కింద చెబుతా.

తిండి గురించి పెద్ద ఉపన్యాసం చెప్పను. కోవిడ్ కాలంలో మనిషికి ఐదు కిలోల బియ్యం ఉచితంగా ఇచ్చారు, కడుపు నిండింది. కండ కట్టేది మాంసకృత్తు. కోడిగుడ్డులో ఆరు గ్రాములుంటుంది. పప్పు, వేరుశనక్కాయలు, ఎండు చేపలు, పెద్దమాంసం, ఏది అందితే అది. మన కూర తినొద్దని చెప్పేవాళ్ళెవరూ మన కండకు పూచీ పడలేదు.

ఒక హెచ్చరిక. ప్రతి ఆయాసాన్నీ కోవిడ్ మీదకు నెట్టొద్దు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయ పరీక్ష చేయించుకోండి, గళ్ళ పరీక్ష ఉచితం, మందులూ ఉచితమే. క్షయ రోగికి తిండి కోసం నెలకు 500 ఇచ్చేవాళ్ళు, 2024 నవంబరు నుంచి అది 1,000 అయింది. అది మీ హక్కు, అడగండి. రాతి క్వారీలో, పత్తి మిల్లులో పనిచేసినవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి, దుమ్ము చేసే చేటు వేరు. ఛాతీ నొప్పి, కఫంలో రక్తం, ఒక కాలే వాచి నొప్పి పెట్టడం, కూర్చున్నా ఆయాసం, వీటిలో ఏదున్నా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

ఇక సంఘం వాళ్ళకు నా మాట. కోవిడ్‌తో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 50,000 రూపాయలు ఇవ్వాలని 2021లో నిర్ణయమైంది, అదీ సుప్రీంకోర్టు చెప్పాక. బతికి, పని చెయ్యలేకపోయినవాళ్ళకు ఏ పద్దూ లేదు. సదరం క్యాంపుకు పోదామా అంటే, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు రాశారు. ఊపిరితిత్తుల జబ్బు ఆ 21లో లేదు. కాలు లేనివాడు కనపడతాడు, ఊపిరి లేనివాడు కనపడడు. దాన్ని చేర్చమని అడగడానికి మనకు నోరుంది గదా?

ఉపాధి హామీ పని సంగతి చూడండి. 2021-22లో ఇక్కడ రోజుకు 245 రూపాయలు, అదీ మట్టి కొలతను బట్టి. ఊపిరాడని మనిషి తవ్వింది తక్కువ, కాబట్టి చేతికొచ్చింది తక్కువ. కానీ ఆ చట్టం షెడ్యూలులోనే, ఆడవాళ్ళకూ, ముసలివాళ్ళకూ, వికలాంగులకూ, జబ్బుతో నీరసించినవాళ్ళకూ వేరే రేట్లు ఉండాలని రాసిపెట్టారు. మన మండలంలో ఆ ముక్క చదివినవాళ్ళెవరూ నాకు కనపడలేదు. నేను కూడా అన్న పడిపోయాకే చదివాను. ఇకపై ఏ పేరుతో సర్కారు పని పెట్టినా, జబ్బు పడినవాళ్ళకు వేరే కొలత ఉందా అని మొదటి రోజే కాగితం మీద అడగాలి. ముఠాల్లోనూ, కోతల్లోనూ మనవాళ్ళే మేస్త్రీలుగా ఉన్నచోట, లేచినవాళ్ళకు మూడు నెలలు తేలిక పని ఇవ్వాలని మనలో మనమే కట్టు పెట్టుకోవచ్చు. దానికి సర్కారుతో పనిలేదు. భూమి ఆసామితో మాట్లాడేటప్పుడు ఒక్క ఆడమనిషిని పంపొద్దు, ముఠా అంతా పోవాలి.

పీహెచ్‌సీలో నడక పరీక్ష పెట్టమని అడుగుదాం. 30 మీటర్ల వరండా, ఒక గడియారం, ఒక వేలి మిషను, అంతకంటే ఏం కావాలి?

అప్పటిదాకా మనం చేద్దాం. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి, ఎండెక్కకముందు, మా బడి వరండాలో గీతలు గీసి ఉంచుతాను. ఏఎన్నెం అమ్మను రమ్మని అడిగాను, వస్తానంది. ఆమె లేకుండా ఎవర్నీ నడిపించను. ఛాతీ నొప్పి ఉన్నవాళ్ళు, కూర్చున్నా రొప్పేవాళ్ళు నడవడానికి రావద్దు, నేరుగా ఆసుపత్రికి పోండి, తోడు కావాలంటే చెప్పండి. మిగతావాళ్ళు పాత స్కాన్ కాగితాలు, మందుల చీటీలు ఉంటే తెచ్చుకోండి. ఖాళీ కడుపుతో రావద్దు. మర్నాడు పడిపోయేవాళ్ళు ఆ మాట ముందే చెప్పండి, మిమ్మల్ని నడిపించకుండా కూర్చోబెట్టి రాసుకుంటాను. పేరు, వయసు, చేసే పని, ఎప్పుడు జ్వరమొచ్చింది, అంతకుముందు ఎంత బరువెత్తేవాళ్ళు, ఇప్పుడెంత, ఇవి రాసే పని సంఘం పిల్లలది. మొదట నవ్విన తమ్ముడికి పుస్తకం ఇప్పటికే ఇచ్చాను.